మొరాయించే టచ్‌ప్యాడ్, మూడు మాటలు

"టచ్‌ప్యాడ్ పని చెయ్యట్లేదు."

కాస్త కంప్యూటర్ తెలిసినవాళ్ళని పేరు పడితే చాలు, ఈ వాక్యం మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. ఇండియా నుంచి ఫోన్లో వస్తుంది, లిఫ్టులో ఎదురుపడిన పక్కింటివాళ్ళ నోటివెంట వస్తుంది. వాక్యం వ్యాకరణం ప్రకారం నిక్షేపంగా ఉంటుంది. అందులో సమాచారం మాత్రం ఒక్క పిసరు ఉండదు.

మన భాషలో ఆగిపోవడానికి మాటలు తక్కువా? ఎద్దు మొరాయిస్తుంది. బండి చక్రం దిగబడుతుంది. తాళం పట్టేస్తుంది. రేడియో గరగరలాడుతుంది. ట్యూబ్‌లైటు మిణుకుమిణుకుమంటుంది. ఆ మాట చెవిన పడగానే రోగం ఏమిటో సగం తెలిసిపోతుంది. తాళం పట్టేసిందంటే కొబ్బరినూనె సీసా తెస్తాం, గరగరమంటే ఏరియల్ తిప్పుతాం. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి ఈ మాటలన్నీ ఎటు పోతాయో పోతాయి. "పని చెయ్యట్లేదు", లేకపోతే "హ్యాంగయింది". అంతే.

టచ్‌ప్యాడ్ విషయంలో నాకు తెలిసి మూడు మాటలు చాలు. కదలట్లేదు. గెంతుతోంది. నొక్కు పడట్లేదు. మూడూ మూడు వేరు వేరు జబ్బులు, మూడు వేరు వేరు మందులు. మొదటి రెండిటికీ తీరిగ్గా కూచుని వైద్యం చేసుకోవచ్చు. మూడోది వింటే మాత్రం చేతిలో పని వదిలేసి లేవాలి. ఎందుకో చెప్పే ముందు అసలు ఆ పలక కింద ఏముందో రెండు ముక్కలు.

టచ్‌ప్యాడ్ మన వేలి బరువుని చూసి బాణాన్ని కదపదు. పైకి కనిపించే నున్నటి పలక కింద అడ్డంగా, నిలువుగా సన్నటి లోహపు గీతల వల ఉంటుంది. ఆ గీతల మధ్య కొద్దిపాటి విద్యుదావేశం నిలిచి ఉంటుంది. మన ఒళ్ళు కరెంటుని పోనిచ్చే వస్తువు కాబట్టి, వేలు దగ్గరికి రాగానే ఆ చోట ఆవేశం కొంచెం మారుతుంది. పక్కనున్న చిప్పు సెకనుకి ఎన్నో సార్లు వలనంతా చదివి, మార్పు ఎక్కడుందో లెక్క కట్టి, బాణాన్ని అటు జరుపుతుంది. చెక్కపుల్లతో రుద్దితే కదలనిది, వేలు తగిలితే కదిలేది అందుకే. ఇలా పసిగట్టే టచ్‌ప్యాడ్‌ని అమెరికాలో జార్జ్ గెర్ఫైడ్ 1988 లో తయారుచేశారు. 1994 లో ఆపిల్ తన పవర్‌బుక్ 500 వరసలో టచ్‌ప్యాడ్ పెట్టింది. అంతకు ముందు పవర్‌బుక్‌లలో గోళీకాయలాంటి ట్రాక్‌బాల్ ఉండేది. తరవాత ఎన్నో లాప్‌టాప్‌లకి టచ్‌ప్యాడ్‌లు అందించిన సినాప్టిక్స్ కంపెనీని 1986 లో మొదలుపెట్టినవాళ్ళు కార్వర్ మీడ్, ఫెడెరికో ఫాజిన్. ఈ ఫాజిన్ 1971 లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్పుని రూపొందించినవాళ్ళలో ముఖ్యుడు.

మేముండే ఆంగ్ మో కియోలో ఎస్‌టీమైక్రోఎలక్ట్రానిక్స్ వాళ్ళ ఫ్యాక్టరీ ఉంది. అక్కడ సిలికాన్ పలకల మీద చిప్పులు తయారవుతాయి. పొద్దున బస్సులో మన పక్కన కూచునే మనిషి ఆ చిప్పులు చేసే మనిషే అయుండొచ్చు. అలాంటి ఊళ్ళో కూడా ఇంట్లో టచ్‌ప్యాడ్ ఆగితే అందరిదీ అదే వాక్యం.

ఇక మొదటి మాట. కదలట్లేదు.

వేలు ఎంత రుద్దినా బాణం ఉన్నచోటే ఉంటుంది, లేదా అసలు కనబడదు. ముందు చెయ్యాల్సింది రిపేరు కాదు, రాస్తున్నది దాచుకోవడం. కంట్రోల్, ఎస్ కలిపి నొక్కండి. బాణం లేకపోయినా కీబోర్డు ఉంది కదా. ఇంట్లో మూలపడ్డ పాత వైరు మౌస్ ఏదైనా ఉంటే తెచ్చి గుచ్చండి. అదీ లేకపోతే విండోస్ కీ, ఐ కలిపి నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. ట్యాబ్ కీతో, బాణం గుర్తుల కీలతో ఒక్కొక్క మెట్టూ దిగుతూ, ఎంటర్ కొడుతూ ఎక్కడికైనా వెళ్ళొచ్చు. నడక లాంటిది, ఆలస్యమవుతుంది గానీ చేరతాం.

తరవాత, ఎవరైనా దాన్ని ఆపేశారేమో చూడాలి. చాలా లాప్‌టాప్‌లలో పై వరస ఎఫ్ కీలలో ఒకదాని మీద చిన్న చతురస్రం బొమ్మ, దాని మీద అడ్డగీత ఉంటుంది. అది టచ్‌ప్యాడ్‌ని ఆపే కీ. కొన్నిటిలో ఎఫ్‌ఎన్ కీతో కలిపి నొక్కాలి. పిల్లలు ఆడుతూ నొక్కేసినా, వెలుతురు తగ్గిద్దామని మనమే పక్క కీ నొక్కినా ఆగిపోతుంది. ఎందుకాగిందో మనకి తట్టదు. కొన్ని పాత లాప్‌టాప్‌లలో పలక ఎడమ మూల మీద రెండు సార్లు వేలితో తడితే ఆగిపోయే ఏర్పాటు కూడా ఉండేది.

మూడో సంగతి ఇంకా చిత్రం. విండోస్ 11 లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, టచ్‌ప్యాడ్ అని వెళితే, మౌస్ తగిలించి ఉన్నప్పుడు కూడా టచ్‌ప్యాడ్ పనిచెయ్యాలా అని అడిగే గడి ఒకటి ఉంటుంది. అందులో టిక్కు లేకపోతే మౌస్ ఉన్నంతసేపూ టచ్‌ప్యాడ్ పడుకుంటుంది. వైర్‌లెస్ మౌస్ ఎక్కడో సంచీలో ఉంటుంది, దాని గోరంత రిసీవరు మాత్రం లాప్‌టాప్ పక్కనే గుచ్చి ఉంటుంది. మనం మర్చిపోయాం, కంప్యూటర్ మర్చిపోలేదు. రిసీవరు పీకగానే బాణం లేచి కూచుంటుంది.

ఇవేవీ కాకపోతే రీస్టార్ట్ చెయ్యండి. షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చెయ్యడం, రీస్టార్ట్ చెయ్యడం ఒకటే అనుకుంటాం గానీ కాదు. ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉన్న విండోస్‌లో షట్‌డౌన్ కొడితే లోపలి సరంజామాలో కొంత భాగాన్ని అలాగే డిస్కులో దాచి, రేపు పొద్దున దాన్నే బయటికి తీస్తుంది. నిన్నటి తిక్క కూడా దాంతోపాటే వస్తుంది. రీస్టార్ట్ అంటే నిజంగా మొదటినుంచి మొదలవడం.

అప్పటికీ కదలకపోతే విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి, ఆ వెంటనే ఎమ్ నొక్కండి. డివైస్ మేనేజర్ వస్తుంది. మైస్ అనే వరసలోగానీ, హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్ అనే వరసలోగానీ టచ్‌ప్యాడ్ ఉంటుంది. పక్కన పసుపు త్రికోణం ఉంటే దాని డ్రైవర్ తేడా చేసిందన్నమాట. అప్‌డేట్ వచ్చిన మర్నాటినుంచే ఈ బాధ మొదలైతే, రోల్ బ్యాక్ డ్రైవర్ అనే మీట పాత డ్రైవర్‌ని వెనక్కి తెస్తుంది. ఆ మీట వెలగకపోతే డివైస్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే, విండోస్ దాన్ని తనే మళ్ళీ వెతుక్కుని పెట్టుకుంటుంది.

లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉందా, వస్తువులోనే ఉందా అని తేల్చుకోవాలంటే, ఆన్ చెయ్యగానే ఎఫ్2 గానీ డిలీట్ గానీ ఆ కంపెనీ చెప్పిన కీ గానీ నొక్కితే బయోస్ తెర వస్తుంది. కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో ఆ తెరమీద కూడా బాణం ఉంటుంది. విండోస్ ఇంకా లేవలేదు కాబట్టి, అక్కడ బాణం కదిలితే పలక మంచిదే, తప్పు విండోస్‌ది. ఆ తెరలోనే టచ్‌ప్యాడ్‌ని ఆపేసే గడి కూడా ఉండొచ్చు, అదీ చూడండి. అక్కడా ఇక్కడా ఎక్కడా కదలకపోతే లోపలి రిబ్బన్ కేబుల్ ఊడిందో, పలక పోయిందో. ఇక దుకాణానికే.

రెండో మాట. గెంతుతోంది.

బాణం కదులుతుంది, కానీ మన మాట వినదు. ఇక్కడ పెడితే అక్కడికి ఉరుకుతుంది, అడక్కుండా క్లిక్కు కొడుతుంది. ఆవేశంలో మార్పుని వేలనుకునే యంత్రానికి వేలు కాని మార్పు ఏదో కనబడుతోందన్నమాట. అన్నిటికంటే మామూలు కారణం తడి. నీళ్ళు కూడా కరెంటుని పోనిస్తాయి. సింగపూర్ గాలిలో తేమ సగటున 80 శాతం పైమాటే. ఏసీ గదిలోంచి చల్లటి లాప్‌టాప్‌ని వరండాలోకి తెస్తే మంచినీళ్ళ గ్లాసుకి పట్టినట్టు దానికీ చెమ్మ పడుతుంది. విశాఖలోనూ, మచిలీపట్నంలోనూ ఇదే కథ. చేతులకి రాసుకున్న క్రీము, పకోడీల నూనె కూడా తమ వంతు తాము చేస్తాయి. ఆఫ్ చేసి, కొద్దిగా తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి చూడండి.

తుడిచినా గెంతుతుంటే చార్జరు పీకి చూడండి. పీకగానే బుద్ధిగా ఉండి, గుచ్చగానే గంతులేస్తే తప్పు టచ్‌ప్యాడ్‌ది కాదు, గోడది. ఇండియా నుంచి లాప్‌టాప్‌తో వచ్చినవాళ్ళకి ఇది తరచూ ఎదురవుతుంది. రెండు దేశాల్లోనూ కరెంటు 230 వోల్టులే, పిన్నులే వేరు. మనవి గుండ్రం, ఇక్కడివి చదునైన మూడు పలకలు. మధ్యలో ఏదో ఒక ఎడాప్టరు పెడతాం. చవకరకం ఎడాప్టర్లు చాలావాటిలో పెద్ద పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, ఉత్త అలంకారం. ఇంకో అలవాటు ఇంకా ఘోరం. ఇక్కడి సాకెట్‌లో ఎర్త్ పిన్ను దూరితేనే మిగతా రెండు రంధ్రాల తలుపులు తెరుచుకుంటాయి. రెండు పిన్నుల ప్లగ్గు దూర్చడానికి కొందరు ఆ పై రంధ్రంలో పెన్ను దోపి తలుపు తెరుస్తారు. ప్లగ్గు దూరుతుంది, ఎర్త్ మాత్రం ఉండదు. ఎర్త్ లేకపోతే చార్జర్లోంచి జారే కొద్దిపాటి కరెంటుకి పోయే దారి దొరక్క లాప్‌టాప్ ఒంట్లోనే తచ్చాడుతుంది. లోహపు మూత మీద చెయ్యి పెడితే జిలజిలమనేది అదే. మన వేలి ఆవేశం లెక్కపెట్టే చిప్పుకి ఈ గోలలో లెక్క తప్పుతుంది. ఎర్త్ సరిగ్గా ఉన్న ఈ దేశపు వైరు కొనుక్కుంటే టచ్‌ప్యాడ్ బాగవుతుంది. ఇండియాలో పాత ఇళ్ళలో మూడో రంధ్రం ఉన్నా దాని వెనక వైరే ఉండకపోవచ్చు. అక్కడ పిలవాల్సింది కంప్యూటర్ మెకానిక్‌ని కాదు, ఎలక్ట్రీషియన్‌ని.

ఇక మూడో మాట. నొక్కు పడట్లేదు.

బాణం చక్కగా కదులుతుంది. మెల్లగా తడితే క్లిక్కు కూడా పడుతుంది. గట్టిగా నొక్కితే మాత్రం పలక దిగదు, టిక్కుమనదు. చాలా లాప్‌టాప్‌లలో ఈ పలక పై అంచున మడతబందులాగా బిగించి ఉంటుంది, కింది అంచు దగ్గర చిన్న మీట ఉంటుంది. పలక కిందికి దిగడానికి ఉన్న సందు చాలా తక్కువ. ఆ సందు పూడుకుపోతే నొక్కు పడదు. ఎప్పుడైనా బిస్కెట్ ముక్కలు దూరి కూడా పూడుకుంటుంది. కానీ ఎన్నో లాప్‌టాప్‌లలో ఆ పలక కిందా, పక్కనా పరుచుకుని ఉండేది బ్యాటరీ.

మా పక్క బ్లాకులో ఉండే అమ్మాయి వాళ్ళ నాన్నగారు తెనాలి నుంచి వచ్చి మూణ్ణెల్లు ఉన్నారు. తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఒకరోజు సాయంత్రం కింద వాయిడ్ డెక్కులో కలిసి, "ఏవయ్యా, నా లాప్‌టాప్ మొరాయిస్తోంది, ఓసారి చూసిపెడతావా?" అన్నారు. తెలుగు మాస్టారు గదా, ఆయన నోట "పని చెయ్యట్లేదు" రాలేదు.

"బాణం కదులుతోందా మాస్టారూ?"

"సుబ్బరంగా కదులుతోంది."

"మరి?"

"నొక్కుదామంటే దిగట్లేదయ్యా. కిందనుంచి ఎవరో చెయ్యడ్డం పెట్టినట్టుంది. పది రోజులైంది, రోజురోజుకీ బిగుస్తోంది. రాత్రిళ్ళు మూసి, దాని మీద లావుపాటి నిఘంటువు పెడుతున్నా. బరువుకి సర్దుకుంటుందేమోనని."

ఇంటికెళ్ళి చూస్తే లాప్‌టాప్ అద్దం బల్ల మీద ఉంది. ఓ మూల వేలు పెడితే ఇంకో మూల లేస్తోంది, కుంటి పీటలాగా. టచ్‌ప్యాడ్ కింది అంచు పక్కనున్న పలక కంటే గోరు మందం ఎత్తుంది. చార్జరు గుచ్చే ఉంది. పక్కన కర్టెన్. ఆ శనివారం ఆయన ఇండియాకి విమానం ఎక్కాలి, ఈ లాప్‌టాప్‌ని చేతిసంచీలో పెట్టుకుని.

ఆఫ్ చేసి, చార్జరు పీకి, తీసుకెళ్ళి వంటింటి గట్టు మీద ఖాళీగా ఉన్న చోట పెట్టాను. అది చూసి ఆయన ఇబ్బందిపడ్డారు. "అందులో మా ఊరి సంగతులున్నాయి బాబూ. నాలుగేళ్ళనుంచి రాస్తున్నా. ఇంకెక్కడా లేవు" అన్నారు.

రాసింది బ్యాటరీలో ఉండదు, డిస్కులో ఉంటుంది. ఆ మాట చెప్పినా ఆయన మొహం తేటపడలేదు. మర్నాడు పొద్దున్నే ఆంగ్ మో కియో సెంట్రల్‌లో ఓ చిన్న దుకాణానికి తీసుకెళ్ళాం. అడుగు మూత విప్పగానే దుకాణం అంకుల్ "ఐయో" అన్నాడు. ఆ మాటకి ఇక్కడ అనువాదం అక్కర్లేదు. అప్పడంలా పల్చగా ఉండాల్సిన బ్యాటరీ సంచులు మూడిట్లో రెండు పూరీల్లా పొంగి ఉన్నాయి. నిఘంటువు సంగతి చెబితే ఆయన మాస్టారి వంక చూసి రెండు చేతులూ జోడించాడు. జాగ్రత్తగా బ్యాటరీ తీసేసి, చార్జరు మీదే లాప్‌టాప్ ఆన్ చేసి, ముందు ఆ ఊరి సంగతులు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. రెండు రోజుల తరవాత కొత్త బ్యాటరీ వేశాడు. టచ్‌ప్యాడ్‌ని ఎవరూ ముట్టుకోలేదు. దానికసలు ఏ జబ్బూ లేదు, అది టిక్కుటిక్కుమంటూ నొక్కు పడింది.

లిథియం బ్యాటరీ పాతబడ్డా, వేడెక్కినా, ఎప్పుడూ నిండా చార్జింగులోనే ఉన్నా లోపలి రసాయనం విడిపోయి వాయువు పుడుతుంది. సంచీకి సీలు ఉంటుంది కాబట్టి వాయువు బయటికి పోలేక ఉబ్బుతుంది. ఉబ్బినంత మాత్రాన మంట రాదు. కానీ ఉబ్బినదాన్ని నొక్కినా, గుచ్చినా, చార్జింగులో పెట్టినా లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి అంటుకునే ప్రమాదం ఉంది. అంటుకుంటే ఒక సంచీ నుంచి పక్క సంచీకి పాకుతుంది. అందుకే విమానాల్లో దెబ్బతిన్న లిథియం బ్యాటరీలని రానివ్వరు.

కాబట్టి నొక్కు పడకపోతే ఇంకా గట్టిగా నొక్కకండి. మంచం మీద, సోఫాలో పెట్టకండి. వంట కత్తితో మూత లేపే సాహసం వద్దు. ఆఫ్ చేసి, చార్జరు పీకి, గచ్చు మీద, గుడ్డలకీ కాగితాలకీ దూరంగా ఉంచి, దుకాణానికి తీసుకెళ్ళండి. తీసిన బ్యాటరీని దుకాణంలోనే వదిలెయ్యండి, చెత్తబుట్టలో పడెయ్యకండి. సింగపూర్‌లో ఏటా 60,000 టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగవుతుందని ఇక్కడి పర్యావరణ సంస్థ లెక్క. 2021 జులై నుంచి దాన్ని వెనక్కి తీసుకునే బాధ్యత ఆ వస్తువులు అమ్మేవాళ్ళ మీద పెట్టారు. ఇండియాలో కూడా 2022 లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు ఆ భారం తయారీదార్ల మీదే పెట్టాయి. కొత్త బ్యాటరీకి మళ్ళీ ఈ గతి పట్టకూడదంటే, రోజంతా చార్జింగులో ఉండే లాప్‌టాప్‌కి 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉందేమో చూసి పెట్టుకోండి.

ఇప్పుడు మళ్ళీ మాటల దగ్గరికి. మాస్టారి లాప్‌టాప్‌ని "టచ్‌ప్యాడ్ పని చెయ్యట్లేదు" అని ఎవరైనా దుకాణంలో ఇచ్చి ఉంటే ఏమయ్యేది? తొందరలో ఉన్న కుర్రాడు డ్రైవర్ మళ్ళీ వేసేవాడు. లేదా పైనుంచే చూసి కొత్త పలకకి ఆర్డరు పెట్టేవాడు. మంచి పలకకి డబ్బులు పోయేవి, ఉబ్బిన బ్యాటరీ మాత్రం ఇంటికి తిరిగొచ్చేది.

అందుకే ఇంటినుంచి అమ్మో నాన్నో ఫోన్ చేసినప్పుడు నేను ముందు సెట్టింగ్స్ గురించి అడగను. బాణం కదులుతోందా? చార్జరు పీకితే బాగుంటోందా? నొక్కితే దిగుతోందా? నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం జరిగింది? వీటికి ఇంగ్లీషు అక్కర్లేదు, కంప్యూటర్ తెలియక్కర్లేదు. ఎద్దు గురించి, తాళం గురించి చెప్పినట్టే చెప్పమంటే ఎవరైనా చెబుతారు. అడిగేవాళ్ళకి విసుగు ఉండకూడదు, అంతే.

ఇంకో ప్రశ్న ఉంది. అది మీ లాప్‌టాప్ బాగా ఉన్నా సరే అడగొచ్చు. మూత మూసి చదునైన బల్ల మీద పెట్టి, నాలుగు మూలలా వేలితో మెల్లగా తాకండి. ఊగుతోందా?